గాలిమోటరు పొగ, కానుగ గింజ

2003 అక్టోబర్‌లో ప్రపంచ బ్యాంకు వాషింగ్టన్‌లో ఒక అంతర్జాతీయ వర్క్‌షాప్ పెట్టింది. దేశదేశాల నుంచి విమానాల్లో వచ్చారు, కార్లలో తిరిగారు, నాలుగు మాటలు చెప్పుకున్నారు, పోయారు. ఇలాంటి సమావేశాలు ఏటా వందల్లో జరుగుతాయి, ఎవరికీ గుర్తుండవు. ఇది గుర్తుండిపోవడానికి కారణం ఆ సందర్భంగా జరిగిన ఒక చిన్న చెల్లింపు. వచ్చినవాళ్ల విమానాలూ కార్లూ వదిలిన పొగకు బదులుగా బ్యాంకు 645 డాలర్లు కట్టింది. ఆ డబ్బు అందుకున్నది అప్పటి ఆదిలాబాద్ జిల్లా జైనూరు మండలంలోని పవర్‌గూడ అనే గిరిజన గూడెం మహిళా సంఘం.

మా కథలాపూర్ నుంచి పవర్‌గూడ మరీ దూరమేం కాదు. కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా పోయి గోదావరి దాటితే ఖానాపూర్, అక్కడి నుంచి అడవిదారి పట్టుకుంటే ఉట్నూరు, ఆ తర్వాత జైనూరు. జిల్లాలు విడిపోయాక అది కుమురం భీం ఆసిఫాబాద్‌లోకి పోయింది, మేము జగిత్యాలలోకి వచ్చాం. గోదావరి అవతల అంటే మా వైపు వాళ్లకు కెస్లాపూర్ నాగోబా జాతర, కడెం ప్రాజెక్టు, ఇప్పపువ్వు గుర్తొస్తాయి. విమానాలు గుర్తురావు. విమానాల లెక్కంతా గోదావరి ఇవతల మాదే. బీడీలు చుట్టే ఆడవాళ్లు, దుబాయి పోయే మగవాళ్లు: కథలాపూర్, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో ఏ గడప ఎక్కినా ఇదే కథ. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో తెరిచేదాకా మా వాళ్లలో చాలామంది బస్సులో బొంబాయి పోయి అక్కడ విమానం ఎక్కేవాళ్లు. మా ముసలివాళ్లు దాన్ని గాలిమోటరు అనేవాళ్లు. మరి ఆ గాలిమోటరు పొగకు ఖరీదు కట్టే పద్ధతి మొదట్లో వచ్చి వాలిన చోట్లలో ఒకటి మా ఏటి అవతలి గట్టేనని మా ఊళ్లో ఎందరికి తెలుసు?

పవర్‌గూడ ఒక్కరోజులో అక్కడికి చేరలేదు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఈ ఊరి మీద 2004లో ఒక నివేదిక వేసింది. దాని పేరులోనే ఇది ఒకప్పటి సమస్యల ఊరని ఉంటుంది. రాళ్ల నేల, వానను నమ్ముకున్న పంటలు, సీజన్ అయిపోతే కూలికి వలస. 1990ల చివర్లో ఉట్నూరు గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) వాటర్‌షెడ్ పనులు మొదలైనప్పుడు, ఆ పనుల్ని కాంట్రాక్టరుకు ఇవ్వకుండా ఊరివాళ్లే చేసుకోవడం అక్కడ మొదటి మలుపు. గట్లు వేశారు, వాగులకు అడ్డుకట్టలు కట్టారు, వచ్చిన కూలిలోంచి కొంత సంఘంలో జమ చేశారు. ఆ వెనకే జిల్లాలోకి వెలుగు పథకం వచ్చింది, పొదుపు సంఘాలు నిలదొక్కుకున్నాయి. బ్యాంకులు ఊళ్లోకి రాకముందే పుస్తకం రాయడం, లెక్క చెప్పడం ఆడవాళ్ల చేతికొచ్చింది. వాషింగ్టన్ డబ్బు తీసుకోవడానికి ఒక పేరూ ఒక ఖాతా ఉన్న సంఘం ఎదురుగా ఉండబట్టే ఆ తర్వాతి కథ నడిచింది. కార్బన్ మాట ఎత్తేవాళ్లు చెట్ల గురించి చెప్తారు కానీ ఈ సంగతి తక్కువగా చెప్తారు.

ఇక కానుగ. దీన్ని తెలంగాణలో ఎవరికీ పరిచయం చేయనక్కర్లేదు. రోడ్ల వెంట, బస్టాండ్ల ముందర, చెరువు కట్టల మీద నీడనిచ్చేది అదే. పొలంలో పచ్చిరొట్టకు కొమ్మలు నరుకుతారు, పశువులకు గజ్జి వస్తే నూనె రాస్తారు, ఒకప్పుడు దీపాల్లోనూ అదే పోసేవాళ్లు. కాయ చూస్తే చప్పటగా, అరంగుళం మందంతో, గట్టి తోలుతో ఉంటుంది. దాన్ని రాయి మీద పెట్టి కొడితే లోపల ఒక్కటే గింజ, ఎర్రటి ముడతల పొరతో, అరుదుగా రెండు. వాసన ముక్కుకెక్కుతుంది, నోట పెట్టుకుంటే చేదు, అందుకే మేకలూ దాని జోలికి పెద్దగా రావు. నూనె తినడానికి పనికిరాదు. ఆ పనికిరాకపోవడమే దాని అదృష్టం: తిండి నూనెతో పోటీ లేదు, ఎవరి కంచంలోంచీ లాక్కోవడం లేదు. ఊరి మిల్లులో ఆడిస్తే నాలుగు కిలోల గింజకు రమారమి ఒక కిలో నూనె దిగుతుంది, మిగిలిన చెక్క చేనుకు మంచి ఎరువు.

ఈ నూనెతో డీజిల్ ఇంజను నడుస్తుందని 1990ల చివర్లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ప్రొఫెసర్ ఉడుపి శ్రీనివాస కర్ణాటక పల్లెల్లో చేసి చూపించారు. కొత్త యంత్రం కనిపెట్టలేదు. ఉన్న జనరేటర్‌లోనే కానుగ నూనె వడగట్టి పోసి, పంపుసెట్లకు కరెంటు ఇచ్చారు. ఆ ప్రయోగం గాలి మన ఆదిలాబాద్‌కూ తగిలింది. ఐటీడీఏ పవర్‌గూడకు ఒక నూనె మిల్లు ఇప్పించింది. ఆడవాళ్లు అడవిలోని పాత చెట్ల కింద గింజ ఏరుకొచ్చి మిల్లు ఆడించడం మొదలుపెట్టారు. 2002 ప్రాంతంలో గూడెం చుట్టూ ఇంకో 4,500 కానుగ మొక్కలు నాటారు.

ఇక్కడ రంగంలోకి దిగినవాడు ఇమ్మాన్యుయేల్ డిసిల్వా, ప్రపంచ బ్యాంకులో పనిచేసి ఇక్రిశాట్‌తో కలిసి ఆదిలాబాద్ గూడేల మీద రాసిన మనిషి. వాషింగ్టన్‌లో సమావేశాల పొగకు ఎవరో ఒకరికి డబ్బు కట్టాలన్న మాట అప్పుడప్పుడే వినబడుతోంది. ఆ ఎవరో ఒకరు పవర్‌గూడ ఎందుకు కాకూడదు? ఆలోచన అంతే. దాని వెనక లెక్క మాత్రం చూడదగ్గది, ఎందుకంటే ఈ వ్యాపారం మొత్తం ఆ లెక్కలోనే ఉంది.

4,500 చెట్ల నుంచి 10 ఏళ్లలో 51 టన్నుల నూనె వస్తుందని అంచనా వేశారు. ఆ నూనె బరువులో నాలుగింట మూడు వంతులకు కాస్త పైగా కార్బన్, అంటే దాదాపు 40 టన్నులు. బడిలో చదువుకున్నదే: కార్బన్ పరమాణువు బరువు 12, దానికి రెండు ఆక్సిజన్లు తగిలితే 44. కిలో కార్బన్ కాలితే 3.67 కిలోల కార్బన్ డయాక్సైడ్. 40 టన్నులను దానితో గుణిస్తే 147 టన్నులు. ఇదీ పవర్‌గూడ అమ్మిన సరుకు. డీజిల్ కాలిస్తే కోట్ల ఏళ్లుగా నేలలో పూడి ఉన్న కార్బన్ కొత్తగా గాల్లోకి వస్తుంది. కానుగ నూనె కాలిస్తే వచ్చేది ఆ చెట్టు నిన్నో మొన్నో గాలిలోంచి పీల్చుకున్నదే. డీజిల్ బదులు కానుగ వాడితే ఆ మేరకు గాలికి భారం తప్పినట్టు. విమానం వైపు లెక్క కూడా ఇదే సూత్రం: కిలో విమాన ఇంధనం కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ లెక్క. ఇండియా నుంచి వాషింగ్టన్ పోయి వచ్చే ఒక్కో మనిషి పేరిట రెండు టన్నులకు తక్కువ రాయడం కష్టం. అంటే ఒక గూడెం 10 ఏళ్ల నూనె అంతా కలిపితే, అలాంటి ప్రయాణికులు ఒక 60, 70 మందికి సరిపోతుంది.

645ను 147తో భాగిస్తే టన్నుకు నాలుగున్నర డాలర్ల లోపు. అప్పటి మారకంలో మొత్తం 30 వేల రూపాయల లోపే. గూడెం ఆడవాళ్లకు ఇది చిన్న మొత్తమేమీ కాదు, ఆ డబ్బుతో వాళ్లు కానుగ నర్సరీ పెట్టుకుని మొక్కలు పెంచి అమ్మారు. వాషింగ్టన్‌కు వచ్చినవాళ్ల వైపు నుంచి చూస్తే ఆ 60, 70 మంది లెక్కన మనిషికి పది డాలర్లు. ఏదో ఒక కాఫీ బ్రేక్ ఖర్చు.

ఈ లెక్కలో ఒక మెలిక కూడా ఉంది. పొగ 2003లోనే పోయింది, నూనె ఆ తర్వాత పదేళ్ల దాకా వస్తుందని రాసుకున్నారు. కొత్తగా నాటిన కానుగ నాలుగైదేళ్లకు గానీ కాపుకు రాదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కాయని చెట్ల నూనెను, ఆడించని గింజను, కాల్చని ఇంజనును ముందే లెక్కగట్టి అమ్మేశారు. గూడెం వాళ్లను తప్పుపట్టడానికి నేనిది చెప్పడం లేదు. వాళ్లకు పెట్టుబడి కావలసింది ముందే, పదేళ్ల తర్వాత కాదు. అందుకని ముందే డబ్బివ్వడం వాళ్ల వైపు నుంచి న్యాయమే. కానీ గాలికి ఆ న్యాయంతో పని లేదు. కార్బన్ ఆఫ్‌సెట్ అనే ఈ బదులు చెల్లింపు పుట్టిన రోజు నుంచి ఈ రెండు న్యాయాల మధ్యే పెనుగులాడుతోంది.

ఆ పుట్టుక మాట చెప్పాలంటే 15 ఏళ్లు వెనక్కి పోవాలి. 1988లో ఏఈఎస్ అనే అమెరికన్ కరెంటు కంపెనీ కనెక్టికట్ రాష్ట్రంలో బొగ్గుతో నడిచే ప్లాంటు కట్టబోతూ, దాని పొగకు ఏం చేయాలని వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్‌ను అడిగింది. వాళ్లు వెతికి వెతికి గ్వాటెమాలాలో కేర్ సంస్థ రైతుల చేత చెట్లు నాటిస్తున్న పథకాన్ని చూపించారు. ఐదు కోట్ల పైచిలుకు మొక్కలు, 40 వేల రైతు కుటుంబాలు అన్నది లక్ష్యం. కంపెనీ 20 లక్షల డాలర్లు ఇచ్చింది. ఆ రోజు అలా చేయమని ఏ చట్టమూ చెప్పలేదు. ఒకచోట పొగ పెట్టి వేరేచోట చెట్టు నాటితే చెల్లుకు చెల్లు అన్న ఆలోచన కాగితం మీదికి వచ్చింది అప్పుడే. తర్వాత కొన్నేళ్లకు తిరిగి చూస్తే, అక్కడి రైతులకు కట్టెలు కావాలి, అనుకున్నంత కార్బన్ నిలబడలేదు. రైతు అవసరం రైతుది.

బ్రిటన్‌లో 1997లో ఫ్యూచర్ ఫారెస్ట్స్ అనే కంపెనీ దీన్ని మామూలు జనానికి అమ్మే సరుకు చేసింది. పాటల బృందాలు, సినిమావాళ్లు దానికి గిరాకీలు. ఇందులో మన భాషకు దగ్గరి కథ ఒకటుంది. కోల్డ్‌ప్లే బృందం 2002 నాటి తమ ఆల్బమ్ తయారీ, పంపిణీ పొగకు బదులుగా కర్ణాటకలోని గుడిబండలో 10 వేల మామిడి మొక్కలకు డబ్బిచ్చింది. గుడిబండ, దాని పక్క బాగేపల్లి కర్ణాటకలో ఉన్నా ఇళ్లలో వీధుల్లో తెలుగే, పాత అనంతపురం జిల్లా సరిహద్దు. నేల కూడా అనంతపురం నేలే, వానల సంగతి చెప్పనక్కర్లేదు. మొక్కలు ఇచ్చారు, నీళ్లు ఎవరు పోస్తారో గట్టిగా తేలలేదు. 2006లో లండన్ పత్రిక విలేకరి అక్కడికి పోయి చూస్తే, ఎండిపోయిన మొక్కల గుంతలు చూపించి రైతులు తమ కష్టం చెప్పుకున్నారు. మామిడికి నీళ్లు కావాలని, అందులోనూ మొదటి మూడు వేసవులు తప్పవని లండన్ కంపెనీకి తెలియకపోవచ్చు. గుడిబండలో ఎవరినడిగినా చెప్పేవాళ్లు.

అదే బాగేపల్లిలో ఇంకో దారీ ఉంది. 1977 నుంచి అక్కడ పనిచేస్తున్న అడాట్స్ అనే సంస్థ కూలి రైతుల సంఘాలతో 5,500 గోబర్‌గ్యాస్ ప్లాంట్లు కట్టించి, వాటి వల్ల తప్పే కట్టెల, కిరోసిన్ పొగను క్యోటో వాతావరణ ఒప్పందం కింద 2005లో నమోదు చేయించింది. ఇక్కడ మొక్క బతికిందా చచ్చిందా అన్న బెంగ లేదు. పేడ, నీళ్లు, పొయ్యి. మంట వెలుగుతోందో లేదో ఏ ఇంటికి పోయినా కనబడుతుంది. నా మటుకు నాకు ఆఫ్‌సెట్‌లలో కాస్త నమ్మదగ్గది ఏదంటే ఇదే: ఇంట్లో ఆడవాళ్లకు ఇవాళే అక్కరకొచ్చేది, ఎవరు డబ్బిచ్చినా ఇవ్వకపోయినా రేపు కూడా వాడుకునేది.

ఇంతకీ విమానాల పొగ గురించి ఇంత తంటా ఎందుకు? ప్రభుత్వాలు ఒక పన్ను వేసేస్తే పోయేది కదా అనిపిస్తుంది. దీనికి రెండు తేదీలు అడ్డం. 1944 డిసెంబర్‌లో చికాగోలో 50కి పైగా దేశాలు కూర్చుని పౌరవిమానయానానికి నియమాలు రాసుకున్నాయి. ఒక దేశం నుంచి వచ్చిన విమానం ట్యాంకులో ఉన్న ఇంధనం మీద ఇంకో దేశం సుంకం వేయకూడదన్నది అందులో ఒకటి. యుద్ధం ముగియబోతున్న రోజులు, విమానాలు ఎంత తిరిగితే అంత మంచిదన్న కాలం. ఆ ఒక్క నియమాన్ని ఆసరా చేసుకుని దేశాలు తమలో తాము చేసుకున్న ఒప్పందాలు అంతర్జాతీయ విమాన ఇంధనాన్ని పన్నుకు అందకుండా చేశాయి. రెండో తేదీ 1997. క్యోటోలో దేశాల పొగ లెక్క రాసుకున్నప్పుడు, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఎగిరే విమానం పొగ ఎవరి ఖాతాలో రాయాలో తేలలేదు. దుబాయి విమానం పొగ ఇండియాదా, యూఏఈదా, విమానం ఎవరిదైతే వాళ్లదా? తేలక, ఆ పనిని మాంట్రియల్‌లోని అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థకు అప్పగించి చేతులు దులుపుకున్నారు. ఆ సంస్థ 19 ఏళ్లు మీటింగులు పెట్టింది.

ఈ ఖాళీలోకే ప్రభుత్వాలు స్వచ్ఛంద ఆఫ్‌సెట్‌ను తీసుకొచ్చాయి. పన్ను వేయలేం, ఆపమని చెప్పలేం, కనీసం ప్రయాణికుడిని బతిమాలుదాం అన్నది పద్ధతి. జర్మనీ పర్యావరణ మంత్రిత్వ శాఖ సాయంతో నడిచిన పరిశోధన లోంచి 2005లో ఆట్మోస్‌ఫెయిర్ అనే సంస్థ పుట్టింది. మీ ప్రయాణం చెబితే పొగ ఎంతో, దానికి ఎంత కట్టాలో చెబుతుంది. బ్రిటన్ ప్రభుత్వం 2006 నుంచి తన మంత్రుల, అధికారుల విమాన ప్రయాణాలకు తనే ఆఫ్‌సెట్ కొనడం మొదలుపెట్టింది. జనానికి చెప్పేముందు తాము చేసి చూపిద్దామని. మరుసటి ఏడాది, మోసపు సరుకు అమ్మకుండా ఒక నాణ్యతా నియమావళి కూడా ముసాయిదా వేసింది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరపాలన వాళ్ల విమానాశ్రయంలో 2009లో ఏటీఎంలాంటి యంత్రాలు పెట్టారు: గమ్యం నొక్కితే పొగ, కార్డు గీస్తే రసీదు. 2019లో బ్రిటన్ మళ్లీ, టికెట్ అమ్మేవాళ్లంతా ఆఫ్‌సెట్ కూడా చూపించి తీరాలా అని జనం అభిప్రాయం అడిగింది. అడగడంతోనే ఆగింది. ఏం చేసినా, టికెట్ కొనేటప్పుడు ఆఫ్‌సెట్ గడిలో టిక్కు పెట్టేవాళ్లు వందకు ఒకరిద్దరిని మించలేదు.

మా ఊళ్లో ఆ గడి ఎలా కనబడుతుందో ఒక ముచ్చట. మస్కట్‌లో పనిచేసే పిల్లగాడొకడు మొన్న సెలవు మీద వచ్చి తిరుగు టికెట్ ఫోన్‌లోనే తీసుకుంటూ ఆగిపోయాడు.

"అన్నా, గిదేంది, పైసలు ఎక్కువ అడుగుతుండు. చెట్లు పెడ్తరట."

"ఇష్టముంటే పెట్టు, లేకుంటే లేదు. తప్పనిసరి కాదు."

"సామాను కిలోలకు కాదా మరి?"

కాదన్నాను. గడిని వదిలేసి ముందుకు పోయాడు. ఎందుకు పెట్టాలి వాడు? వీసాకు, మెడికల్‌కు, ఏజెంటుకు కట్టిన అప్పు వడ్డీ నెలనెలా పోతూనే ఉంది. శంషాబాద్ నుంచి గల్ఫ్‌కు ఎకానమీ సీటు పేరిట ఒక వైపు 150 నుంచి 250 కిలోల పొగ, లెక్కించే పద్ధతిని బట్టి. వాడు రెండేళ్లకోసారి వస్తాడు. ప్రపంచ బ్యాంకే 2013లో తన సిబ్బంది ప్రయాణాల మీద ఒక అధ్యయనం వేసింది. విమానంలో ఆక్రమించే చోటును బట్టి చూస్తే బిజినెస్ సీటు పొగ ఎకానమీకి మూడింతలని, ఫస్ట్ క్లాసుది తొమ్మిదింతల దాకా పోవచ్చని తేల్చింది. టిక్కు గడి మాత్రం అందరికీ ఒకే మర్యాదతో కనబడుతుంది.

బతిమాలుడుతో పని కాదని యూరప్‌కు ముందే అర్థమైంది. 2012 నుంచి తమ గడ్డ మీద దిగే ప్రతి విమానమూ పొగ పర్మిట్లు కొనాలని చట్టం చేసింది. దానికి ఎదురు నిలిచిన దేశాల్లో మనది ముందు వరుస. 2011 సెప్టెంబర్‌లో ఢిల్లీలోనే సమావేశం పెట్టి రెండు డజన్ల దేశాల చేత వ్యతిరేక ప్రకటన చేయించారు. మన విమాన సంస్థల్ని లెక్కలు కూడా ఇవ్వొద్దన్నారు. హైదరాబాద్ నుంచి మొదలైన ప్రయాణానికి, దారి పొడుగునా వెలువడిన పొగకు బ్రస్సెల్స్ ఎలా బిల్లు వేస్తుందన్నది మన వాదన. వాదనలో పస ఉంది, నూరేళ్లుగా పొగ పెట్టినవాళ్లు ఇప్పుడు మనకు బిల్లు పంపడమేమిటన్నది దాని కింది మాట. 2012 నవంబర్‌లో యూరప్ వెనక్కి తగ్గి బయటి ప్రయాణాలను పక్కన పెట్టింది. అయితే ఒక షరతు: మాంట్రియల్ ఏదో ఒకటి తేల్చాలి.

తేల్చింది 2016 అక్టోబర్‌లో. కోర్సియా అని పిలిచే ఆ ఒప్పందం స్వచ్ఛంద టిక్కును ప్రయాణికుడి చేతిలోంచి తీసి విమాన సంస్థ మెడకు చుట్టింది. అంతర్జాతీయ ప్రయాణాల పొగ ఒక గీత దాటితే, దాటిన మేరకు సంస్థలు ఆఫ్‌సెట్‌లు కొనాలి. మొదట 2019 నాటి పొగే గీత, 2024 నుంచి దానిలో 85 శాతం. గీత కింద ఉన్న పొగంతా ఉచితమే అన్నది గమనించాలి. 2021 నుంచి ఇష్టమున్న దేశాలు, 2027 నుంచి చిన్నవీ బాగా వెనకబడినవీ తప్ప అన్నీ. యూఏఈ, ఖతర్, సౌదీ మొదటి ఏడాదే చేరాయి. ఇండియా 2027 దాకా ఆగుతానంది. రెండు కొసల దేశాలూ చేరిన మార్గానికే బాధ్యత కాబట్టి, శంషాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయే విమానాలకు ఇంకా ఆ ఖర్చు లేదు. లెక్క రాయడం మాత్రం 2019 నుంచే మన సంస్థలకూ తప్పలేదు, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు ఏటా ఎంత ఇంధనం కాల్చారో చెప్పాల్సిందే.

మరి ఆ ఆఫ్‌సెట్‌లు ఎక్కడివి? క్యోటో కింద వచ్చిన వేల ప్రాజెక్టుల మీద యూరోపియన్ కమిషన్ కోసం జర్మనీ సంస్థ ఓకో ఇన్‌స్టిట్యూట్ 2016లో తేల్చింది చూస్తే, పరిశీలించిన వాటిలో 85 శాతం ప్రాజెక్టుల్లో, పొగ ఆ డబ్బు వల్లే, చెప్పినంతే తగ్గిందనడానికి అవకాశం తక్కువ. గాలిమరలు, పెద్ద ఆనకట్టలు ఎలాగూ కట్టేవే, పొగ తగ్గించామని పేరు రాసుకున్నాయి. అత్త సొమ్ము అల్లుడు ధారపోయడమే. అందుకే కోర్సియా కొత్త కాలానికి పాత సరుకును చాలావరకు తోసేసి కట్టుదిట్టం చేశారు. ఫలితంగా 2024 మొదట్లో ఆ గడప దాటిన మొదటి సరుకు దక్షిణ అమెరికాలోని గయానా దేశం మొత్తం అడవిది. దేశం దేశమే అమ్మకందారు. ఆ బజారులో 30, 40 ఇళ్ల గూడెం ఎక్కడ నిలబడాలి? ఆడిటర్ వచ్చి చూసి సంతకం పెట్టడానికే పదుల వేల డాలర్లు అవుతాయి. 645 డాలర్ల సరుకుకు అంత ఖర్చు పెట్టే పిచ్చివాడు ఉండడు. 2003లో పవర్‌గూడకు అది సాధ్యమైంది నియమాలు గట్టిగా లేనందువల్లే, తెలిసిన మనిషి మధ్యలో ఉన్నందువల్లే. నియమాలు గట్టిపడ్డాక గాలికి మేలు, గూడేనికి తలుపు మూత. వాటర్‌షెడ్‌కు, మిల్లుకు ముందుకొచ్చినట్టే, చిన్న ఊళ్లను కూడగట్టి ఒకే పద్దు కింద నమోదు చేయించే పనికి ప్రభుత్వమే రావాలి. బాగేపల్లిలో ఒక సంస్థ 5,500 ఇళ్లను అలా ఒక్క తాటిమీదికి తేగలిగిందంటే ఐటీడీఏకు చేతకాదని అనలేం.

మన కేంద్ర ప్రభుత్వం 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి 2023లో కార్బన్ క్రెడిట్ వ్యాపార పథకాన్ని నోటిఫై చేసింది. ఆ ఏడాది చివర్లో ఆఫ్‌సెట్‌లకూ అందులో చోటిచ్చింది. ఫ్యాక్టరీల కోసం మొదలైన ఆ ఏర్పాటే రేపు విమాన సంస్థలు కొనే సరుకుకు కూడా దారి కావచ్చు. ఇంకో దారి ఇంధనంలోంచే వస్తోంది. అంతర్జాతీయ విమానాల ట్యాంకుల్లో 2027లో 1 శాతం, 2028లో 2 శాతం జీవ ఇంధనం కలపాలని 2023 నవంబర్‌లో లక్ష్యం పెట్టారు. మొదటి పరీక్ష 2018 ఆగస్టు 27నే అయిపోయింది: డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి స్పైస్‌జెట్ విమానం ఛత్తీస్‌గఢ్ అడవి ఆముదం నూనె నుంచి తీసిన ఇంధనం పాతిక శాతం కలుపుకుని ఎగిరింది. తినని నూనెగింజల్లో అడవి ఆముదానికి వచ్చినంత పేరు కానుగకు రాలేదు కానీ, అడవి ఆముదం ఆశపెట్టినంత కాయలేదని దేశమంతా నాటి చూసుకున్నాక, చాలామంది మళ్లీ కానుగ వైపు చూస్తున్నారు. ఆ ఇంధనం తీసిన డెహ్రాడూన్ ప్రయోగశాల పద్ధతికి నూనె ఏ గింజదన్నది పెద్ద అడ్డంకి కాదు, టన్నులకు టన్నులు ఒకేచోట దొరకడమే అడ్డంకి.

గింజ ఏరేది వేసవిలో, ఎండిన కాయ రాలే ఒకటి రెండు నెలలు, ఆడవాళ్లు, పిల్లలు. కిలోకు ఇంత అని ధర ముందే పలికితేనే ఎవరైనా ఏరతారు, లేకుంటే అక్కడే చెట్టు కింద మట్టిలో కలుస్తుంది. తునికాకుకు ప్రతి ఏటా కట్టకు ఇంత అని ముందే ధర కట్టి కల్లాలు పెట్టే ఏర్పాటు మా గోదావరి రెండు గట్ల మీదా దశాబ్దాలుగా ఉంది. కానుగకు అలాంటి కల్లం లేదు. 2027 జనవరి నుంచి గల్ఫ్ విమానాల మీద కోర్సియా ఖర్చు పడుతుంది, దాన్ని సంస్థలు ఇంధన సర్‌చార్జిలో కలిపేస్తాయి, మస్కట్ పిల్లగాడి ఫోన్‌లో ఆ టిక్కు గడి ఉన్నా లేకున్నా వాడు కట్టేది కట్టనే కడతాడు. ఆ పైసల్లో రూపాయో అర్ధో ఖానాపూర్ దాటి రావాలంటే ముందు కానుగ గింజకు ధర పలకాలి, కల్లం పెట్టాలి, అది కూడా ఎండాకాలం రాకముందే.